ఒరిజినల్స్

“మీరు మా కాలేజీలో చదవడం వల్ల మీ సంపాదన పెరిగిందని అనుకుంటున్నారా మేడమ్? ఒకటి నుంచి ఐదు లోపల ఏదో ఒక అంకె చెప్పండి” అని ఫోన్‌లో ఆ అమ్మాయి అడిగేసరికి నా రెండు చేతులకూ చేప పొలుసు అంటుకుని ఉంది. ఆదివారం. మా ఆయన ప్రేమ్‌సాగర్‌కు గనిలో సెలవు కాబట్టి పొద్దున్నే గోదావరి చేప తెచ్చాడు. తేవడం వరకే ఆయన వంతు. పొలుసు గీకడం, కడగడం, వండటం, వడ్డించడం, మళ్ళీ వంటిల్లంతా కడిగి నీచు వాసన పోయేదాకా అగరుబత్తి ముట్టించడం, ఇవన్నీ వంతుల లెక్కలోకి రావు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పొయ్యి గట్టు మీద ఆనించాను. నేను పదేళ్ళ క్రితం చదువు ముగించిన ఎన్ఐటీ నుంచి చేస్తోందట. పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, ఎంత సంపాదిస్తున్నారు అని సర్వే. గొంతు వింటే ఇరవై ఏళ్ళు కూడా ఉన్నట్టు లేవు. ఎంత ఉత్సాహంగా అడుగుతోందో!

అంకె చెప్పేలోపే వెనక నుంచి “ఐదని చెప్పవే, ఆళ్ళ పరువన్న దక్కుతది” అని వినిపించింది. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు. ఆయన ఇంట్లో చెప్పులు వేసుకోడు, అడుగుల చప్పుడు ఉండదు. ఎనిమిదేళ్ళ కాపురంలో నేను ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డానో దేవుడికే తెలియాలి. ఆ అమ్మాయి పాపం నవ్వి తర్వాతి ప్రశ్నకు పోయింది. “ఉద్యోగంలో విరామం ఉందా మేడమ్?” ఉంది, నాలుగేళ్ళు అన్నాను. “కారణం? పై చదువు, ఆరోగ్యం, వ్యక్తిగతం... ఈ మూడింట్లో?” వ్యక్తిగతం అన్నాను. మామగారి పక్షవాతం, మంచం మీదే ఆయనకు రెండున్నరేళ్ళు ఎత్తిపోసిన మలమూత్రాలు, నా కాన్పు, పాప, “బెంగుళూరు నౌకరి బెంగుళూరుకే ఇడిసిపెట్టి రా, మా ఇంట్ల నీ పైసలతోని ఎల్లేది ఏం లేదు” అన్న మా ఆయన మాట, అన్నీ కలిపితే వ్యక్తిగతం అని ఒక్క ముక్క. “ప్రస్తుత జీతం?” అంటే నేను గొంతు తగ్గించాను. ఆయన తగ్గించలేదు. “పద్దెనిమిది వేలమ్మా, నెలకు. మా గని మీద పంపు కాడ ఉండే పోరనికి గంతకంటె ఎక్కువొస్తది” అని ఫోన్‌కు వినబడేలా చెప్పాడు. ఆ అమ్మాయి థాంక్యూ సర్ అంది. నన్ను అడిగిన దానికి ఆయనకు థాంక్యూ.

చివరి ప్రశ్న ఒకటి మిగిలింది. “ఇప్పుడు వేరే ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్నారా మేడమ్? అవునా, కాదా?” మా ఆయన గుమ్మానికి ఆనుకుని నా వీపు చూస్తున్నాడు. చేప తోక పట్టుకుని గట్టిగా గీకాను. “లేదమ్మా” అన్నాను.

అది అబద్ధం. అప్పటికి పన్నెండు రోజుల ముందే ప్రభుత్వ పాలిటెక్నిక్ లెక్చరర్ పోస్టులకు ఎంపికైనవాళ్ళ జాబితా వచ్చింది. అందులో నా నంబరు ఉంది. మే పన్నెండున హైదరాబాదులో సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ తప్పనిసరి అని నల్లటి అక్షరాల్లో వేశారు. పోయిన ఏడాది సెప్టెంబర్‌లో ఖమ్మంలో పరీక్ష రాశాను, ఇంట్లో పేపర్లు దిద్దే డ్యూటీ అని చెప్పి. దొంగతనంగా చదివాను. మా అత్తమ్మ నాంచారమ్మ మధ్యాహ్నం కునుకు తీసే గంటన్నర, పాప ట్యూషన్‌కు పోయే గంట, అంతే. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు ఒక లెక్క. ఇంత భయపడుతూ చిన్నప్పుడు కూడా చదవలేదు.

నా ఒరిజినల్స్ నా దగ్గర లేవు. మణుగూరులో నేను ఫిజిక్స్ చెప్పే ఇంటర్ కాలేజీ ప్రిన్సిపాల్ రవీందర్ సార్ బీరువాలో ఉన్నాయి. మా ప్రాంతంలో ప్రైవేటు కాలేజీల్లో చేరిన లెక్చరర్లకు ఇది తెలిసిన బాధే. మధ్యలో మానేసి పోకుండా పదో తరగతి మెమో నుంచి డిగ్రీ దాకా అన్నీ తీసుకుని లోపల పెట్టుకుంటారు. నాలుగేళ్ళ క్రితం చేరిన రోజు నేను తటపటాయిస్తుంటే మా ఆయనే “ఇచ్చెయ్యి, ఇంట్ల ఉంటె చెదలు పడ్తయి” అన్నాడు. ఇచ్చేశాను. జాబితా వచ్చిన మర్నాడే పోయి, బ్యాంకులో అవసరం ఉంది, నా సర్టిఫికెట్లు కావాలి సార్ అని అడిగాను. ఆయన చెయ్యి చూపించి ఆపాడు. “ముందుగాల అడ్మిషన్ల టార్గెట్ పూర్తి చెయ్యిండ్రి మేడమ్. పదిహేను చేసి రాండ్రి, తర్వాత మాట్లాడుకుందం.”

ఎండాకాలం వస్తే మేము లెక్చరర్లం కాదు. ఊరూరా తిరిగి పదో తరగతి పాసైన పిల్లల్ని ఖమ్మంలోని మెయిన్ క్యాంపస్ హాస్టల్‌కు పట్టి తెచ్చే వాళ్ళం. మనిషికి ఇన్ని ఊళ్ళు, ఇన్ని సీట్లు అని పంచుతారు. నా ఫోటో ఫ్లెక్సీ మీద కూడా వేశారు. మణుగూరు బస్టాండ్ దగ్గర, పినపాక క్రాస్ రోడ్డు దగ్గర, ఆఖరికి మా పుట్టినూరు జూలూరుపాడులో కూడా నేను తెల్లకోటు వేసుకుని నవ్వుతూ ఉంటాను, పక్కన ‘ఎన్ఐటీ మేడమ్ బోధించును’ అని. ఆ కోటు నాది కాదు, ల్యాబ్ అటెండర్‌ది. మా అత్తమ్మ ఆ ఫ్లెక్సీ చూసొచ్చి “ఎన్ఐటీల పప్పు ఎనుపుడు నేర్పలేదానే? గడ్డలు గడ్డలుంటది నీ పప్పు. నా కొడుకు డిప్లమా చదివి గిసొంటి ఎన్ఐటీలను పదిమందిని సాకుతడు” అంది. నిజమే, డిప్లమా చదివిన ఆయన జీతం నా జీతానికి అయిదింతలు. నేనూ నా స్నేహితురాలు శోభారాణీ జూలూరుపాడు బడి నుంచి ఖమ్మంలో ఒకే కోచింగ్‌కు పోయాం. నాకు సీటొచ్చింది, కొద్ది ర్యాంకుల తేడాతో దానికి రాలేదు. దగ్గర్లోని చిన్న ఇంజనీరింగ్ కాలేజీలో చదివింది. ఎంత ఏడ్చిందో! ఇప్పుడు హైదరాబాదులో నెలకు లక్ష పైన తెచ్చుకుంటోంది. ఎట్లా వచ్చిందే అంటే “ఏం లేదే, నేను ఒక్కరోజు కూడ మానలే. పిల్లోడు పుట్టినంక మా అమ్మ వచ్చి ఉన్నది, అంతే” అంది. అంతే అట. సర్వే చేసే అమ్మాయి కాగితంలో శోభారాణి వాళ్ళ అమ్మకు గడి ఉందో లేదో నాకు తెలియదు.

నెలాఖరుకు పద్నాలుగు మందిని చేర్పించాను. పదిహేనోది యశోద. పినపాక దాటి అడవిలోకి ఎనిమిది కిలోమీటర్లు పోతే వచ్చే కోయగూడెంలో ఉంటుంది. ఆశ్రమ పాఠశాలలో చదివి పదో తరగతిలో మండలానికి మొదట వచ్చింది. ఆటో దిగి పోయేసరికి ఆ పిల్లా, వాళ్ళమ్మ నాగక్కా పందిరి కింద కూర్చుని బీడీలు చుట్టే తునికాకు కట్టలు కడుతున్నారు. తండ్రి జంపయ్య కట్టలు మోసుకుని ఆకు కొనే కల్లానికి పోయాడట. యాభై ఆకులకు ఒక కట్ట. నాగక్క నా మొహం చూస్తూనే ఉంది, వేళ్ళు మాత్రం వాటి పాటికి అవి లెక్కపెట్టుకుంటూ పోతున్నాయి. యశోద లేచి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. “మేడమ్, మీరు ఫ్లెక్సీ మీద ఉన్న మేడమే గదా?” అని మెల్లగా అడిగి, నేను తలూపితే, “అక్కడ, మీ ఎన్ఐటీల, ఆడపిల్లలు ఎంతమంది ఉంటరు?” అంది. మా క్లాసులో తొంభై మందిలో పదకొండు మందిమి అని చెప్పాను. ఆ పిల్ల పదకొండు అని పెదవుల్తో అనుకుంది.

నేను పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాను. ఖమ్మం క్యాంపస్, ఏసీ క్లాసులు, సగం ఫీజు మాఫీ, మీ అమ్మాయి లాంటి తెలివైన పిల్ల ఇక్కడ ఆకు ఏరుకుంటూ ఉంటే ఎంత నష్టం. నాగక్క అంతా విని ఒక కట్ట పురికొసతో బిగించి పక్కన పెట్టింది.

“భద్రాచలం గురుకులంల సీటొస్తదంట బిడ్డ, పైసలుండయంట. మల్ల ఖమ్మం ఎందుకు?”

“గురుకులం మంచిదే నాగక్కా. కానీ ఎన్ఐటీ, ఐఐటీ రావాలంటే మా దగ్గరే.”

“వస్తె?”

“వస్తే ఏముంది, జీవితమే మారిపోతుంది.”

“అవ్‌గని, నెలకెంతొస్తది? ఊకె అడుగుతున్న, ఏమనుకోకు. నువ్వు చదివినవ్ గదా. నీకెంతొస్తది?”

నాకు ఎదురుగా యశోద కళ్ళు కనిపిస్తున్నాయి. నిజం చెప్తే ఆ పిల్ల రాదు. పదిహేను కావు. బీరువా తెరుచుకోదు. పన్నెండో తారీఖు దాటిపోతుంది, మళ్ళీ జాబితా ఎన్నేళ్ళకో, అప్పటికి నాకు వయసు దాటిపోతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో తిరిగాయి. “లక్ష” అన్నాను. శోభారాణి జీతం నాది చేసుకుని చెప్పేశాను. నాగక్క వేళ్ళు ఆగాయి. “లచ్చనా?” అంది. “లక్షే” అన్నాను మళ్ళీ, చెవులు కాలిపోతుంటే.

ఆమె లేచి లోపలికి పోయి బియ్యం గుమ్మిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. యశోద మెమో, టీసీ, కులం సర్టిఫికెట్. ఎలుకలు కొట్టకుండా బియ్యంలో దాచిపెట్టారట. కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టి “మల్ల ఇస్తరు గదా?” అంది. “ఇస్తారు” అన్నాను. ఆటోలో ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే భయమేసింది. దొరికిపోతానని కాదు, ఇంత సులువుగా చేయగలిగానని.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ గదికి పోయాను. రవీందర్ సార్ కవరు చూసి “పదిహేను అయినయా? భేష్ మేడమ్!” అని చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. కవరు గుండెకు హత్తుకుని “ముందు నా ఒరిజినల్స్ ఇవ్వండి సార్” అన్నాను. ఎంత ధైర్యం వచ్చిందో అప్పుడు. ఆయన నన్ను వింతగా చూశాడు. “ఏం ఒరిజినల్స్ మేడమ్? మీ సార్ తీస్కపోయిండు గదా.”

“మా సార్ ఎవరు?” అన్నాను పిచ్చిదానిలాగా.

ఆయన విసుక్కుంటూ రిజిస్టర్ తీసి తిప్పి చూపించాడు. సెప్టెంబర్ పంతొమ్మిదో తేదీ. నా పేరు, ఎదురుగా ప్రేమ్‌సాగర్ సంతకం, పక్కన బ్రాకెట్లో భర్త అని ఆయన అక్షరాలే. నేను ఖమ్మంలో పరీక్ష రాసొచ్చిన మూడో రోజు. “ఇంటి లోన్‌కు కావాలె అన్నడు. భర్తనే గదా అని ఇచ్చిన” అన్నాడు రవీందర్ సార్. మరి పోయిన నెల నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు, టార్గెట్ పూర్తి చేసి రమ్మని ఎందుకు అన్నారు అని అడిగాను. “టార్గెట్ అందరికుంటది మేడమ్. మీ ఇంటి ముచ్చట మీకు తెల్వదని నాకేం తెల్సు? ఆ కవరు గిటివ్వండ్రి.” నేను కవరు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేశాను. “మేడమ్! మేడమ్!” అని వెనక నుంచి అరుస్తున్నాడు.

కాలేజీ ముందు వేపచెట్టు నీడలో స్కూటీ మీద కూర్చుని నెలలు లెక్కపెట్టాను. ఎనిమిది నెలలు. ఆయనకు ఎనిమిది నెలలుగా తెలుసు. నేను మధ్యాహ్నాలు దొంగచాటుగా చదివిన సంగతి, హాల్ టికెట్ పాప డ్రాయింగ్ పుస్తకంలో దాచిన సంగతి, అంతా తెలుసు. తెలిసి నా చేతి కూర తిన్నాడు, పండక్కి చీర కొన్నాడు, మా నాయన కాశయ్య వస్తే మామా అని కాళ్ళకు దండం పెట్టాడు. చేప గీకుతూ నేను లేదమ్మా అన్నప్పుడు నా వెనక నిలబడి ఏమనుకున్నాడో! నవ్వుకుని ఉంటాడు. ఆయన నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు. అందరూ ఆ మాటే అంటారు, బంగారం లాంటి మొగుడని. కొడితే దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. ఈయన ఏం చేస్తాడో, ఎప్పుడు చేశాడో తెలియదు. ఒకసారి మా చెల్లెలి పెళ్ళిచూపులకు చెప్పకుండా పోయానని పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు ఏమీ జరగనట్టు టీ అడిగాడు. ఆ పదకొండు రోజుల్లో నేను తప్పు ఒప్పుకోని దేవుడు లేడు.

ఇంటికి పోయి బీరువా అంతా వెతికాను. బట్టల కింద, పాత సూట్‌కేసులో, దేవుడి అరలో, అటక మీద. అత్తమ్మ మంచం మీద నుంచి చూస్తూనే ఉంది. “ఏం ఎతుకుతున్నవే? కాయితాలా?” అంది. ఈమెకూ తెలుసు! “వాడే ఏడనో జాగ్రత్త జేసిండు. నీ మంచికే. ఆడది నౌకరని ఊర్లెంట తిరిగితె సంసారం ఏం గావాలె? నాకు మోకాళ్ళ నొప్పులు, ఎవరు జూడాలె?” అని గోడ వైపు తిరిగి పడుకుంది.

మూడున్నరకు మొదటి షిఫ్టు దిగి ఆయన వచ్చాడు. నీళ్ళు తోడాను. స్నానం చేసి వస్తే అన్నం పెట్టాను. చేతులు వాటి పని అవి చేస్తాయి, వాటికి సిగ్గు లేదు. ఆయన మొదటి ముద్ద కలుపుతుంటే అడిగాను.

“నా సర్టిఫికెట్లు ఎక్కడ పెట్టారు?”

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగాడు. “ఉప్పు తక్కువైంది” అన్నాడు. ఉప్పు డబ్బా తెచ్చి పెట్టాను. కలుపుకున్నాడు.

“పన్నెండో తారీఖు హైదరాబాద్‌లో చూపియ్యాలి. నాకు ఉద్యోగం వచ్చింది.”

“ఎర్కే. లిస్టు నేను గూడ చూసిన. నూట నాలుగో నంబరు.”

“మరి...”

“మరి ఏంది? మా గని మీద నన్ను ఏమంటరో తెల్సా నీకు? ఎన్ఐటీ మొగడంటరు. నవ్వుకుంట అంటరు, నేను గూడ నవ్వుత. పద్దెనిమిది వేలు తెచ్చే ఎన్ఐటీని గాబట్టి నవ్వుత. రేపు సర్కారు నౌకరైతే నీకు నాకంటె ఎక్కువొస్తది. అప్పుడు నేనెట్ల నవ్వాలె?” అరవలేదు. పచ్చడి గురించి చెప్తున్నట్టు చెప్పాడు.

“అవి ఉన్నాయా? ఉన్నాయని ఒక్క మాట చెప్పండి చాలు.”

“ఉన్నయో, లెవ్వో. నీకెందుకు? లెవ్వనుకో, ఏం జేస్తవ్?” అని చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నాడు. “పోతనంటె ఆపుడు గాదు. పో. పోతె ఒక్కదానివే పోవాలె. పాప నా పాప. ఆలోచించుకో, జల్దీ ఏం లే” అన్నాడు, నా భుజం మీద తట్టి లోపలికి పోయి పడుకున్నాడు. పది నిమిషాల్లో గురక వినిపించింది.

ఆ తట్టిన చోట చాలాసేపు బరువుగా ఉండింది. నేను కంచం తీశాను, మెతుకులు ఎత్తాను, గిన్నెలు తోమాను. నిజం చెప్తున్నాను, ఆ సాయంత్రం దాకా నేను ఆయనకు లొంగిపోయే ఉన్నాను. పోనీలే, పద్దెనిమిది వేలే మేలు, పాప ఉంటుంది కదా అనుకున్నాను. మా పాప సెలవులకు జూలూరుపాడులో మా అమ్మ దగ్గర ఉంది. గిన్నెలు బోర్లించి ఫోన్ చేశాను. “అమ్మా, నేను ఈరోజు ఎన్ఐటీ ఫ్లెక్సీ చూపించి అందరికీ చెప్పిన, మా అమ్మ అని!” అంది పాప. ఇంకా ఏదేదో చెప్పింది, మామిడికాయలు, కుక్కపిల్ల. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. తర్వాత మా అమ్మకు ఫోన్ ఇమ్మన్నాను. “అమ్మా, నేనొచ్చేదాక పాపను ఎవ్వరితోని పంపకు. ఆయన వచ్చినా సరే.” ఎందుకని అమ్మ అడుగుతుందనుకుని భయపడ్డాను. “పంపనులే బిడ్డ” అంది, అంతే.

పొద్దున ఆయన షిఫ్టుకు పోగానే ఎన్ఐటీ ఆఫీసుకు ఫోన్ చేశాను. డిగ్రీ పోతే డూప్లికేట్ ఇస్తాం, పోలీసుల దగ్గర నుంచి కాగితం తేవాలి అన్నారు. పన్నెండో తారీఖు లోపల అది రాకపోవచ్చు. పోలీసు కాగితమైనా చేతిలో ఉంటే హైదరాబాదులో గడువు అడగొచ్చు, ఇస్తే ఇస్తారు. ముందు సంచి తగిలించుకుని పినపాక ఆటో ఎక్కాను.

నాగక్క మొన్నటి చోటే కూర్చుని కట్టలు కడుతోంది. యశోద ఆకుకు పోయిందట. కవరు ఆమె ఒళ్ళో పెట్టి ఎదురుగా నేల మీదే కూర్చున్నాను. “నాకు లక్ష రాదు నాగక్కా. పద్దెనిమిది వేలు. అబద్ధం చెప్పిన” అన్నాను. నాకు తెలియకుండానే నా మాట జూలూరుపాడు మాటయింది.

“ఎర్కే” అంది ఆమె.

“ఎర్కనా?”

“లచ్చ ఒచ్చేటామె గీ ఎండల ఆటో దిగి, నా పిల్ల కోసం గంతగనం బతిమాలుతదా? చదివినామె అబద్ధమాడుతుందంటె ఎనుక ఎవరో తరుముతున్నరు అనుకున్న.” ఒక కట్ట పూర్తయింది, పక్కన పెట్టింది. “మల్ల ఎందుకిచ్చిన అంటవా? నా పిల్ల నీ దిక్కు గట్ల చూస్తుంటె ఇయ్యకుంట ఎట్లుండాలె? అయితె చదువు దండగేనా బిడ్డ?”

దండగ కాదని పుస్తకం మాట చెప్పడం సులువే. “దండగ కాదు. నాకు బెంగుళూరుల మంచి జీతమే వచ్చింది నాగక్కా, రెండేండ్లు. మాన్పిచ్చిండ్రు. నేనే మానిన. ఇప్పుడు మల్ల వచ్చింది, కాయితాలు దాచిండు మా ఆయన. ఎన్ఐటీ ఏం జెయ్యాలెనో అది చేసింది. పిల్లను గురుకులానికి పంపు. గీ కవరు మాత్రం ఎవ్వరికియ్యకు. నాసొంటోళ్ళు వచ్చి అడిగినా జిరాక్సులియ్యి. దానికి పెండ్లయినా దీన్ని దాని దగ్గరనే ఉంచుమని చెప్పు.” ఏడుపు వచ్చేసింది. నాగక్క నన్ను ఓదార్చలేదు. లోపలికి పోయి కవరు బియ్యంలో పెట్టి వచ్చి, “నీయి ఎట్ల దొర్కుతయి మరి?” అంది. పోలీస్ స్టేషన్‌కు పోతున్నానని చెప్పాను. చెప్పాక గాని నాకే తెలియలేదు పోతున్నానని.

మణుగూరు స్టేషన్ ముందు పావుగంట నిలబడ్డాను. ఎవరన్నా గనివాళ్ళు చూస్తే ఆయనకు షిఫ్టు దిగకముందే తెలిసిపోతుంది. లోపల ఫిర్యాదులు చూసే రైటర్ మంచిగానే మాట్లాడాడు, కుర్చీ చూపించాడు, తెల్లకాగితం ఇచ్చాడు. డిగ్రీ, మెమోలు పోయాయి అంటే “రోజుకు ఇద్దరొస్తరమ్మా గిట్ల” అన్నాడు. రాయడం మొదలుపెట్టాను. నా పేరు, చదువు, కాలేజీ, హాల్ టికెట్ నంబర్లు, అన్నీ కంఠస్థమే. ఎక్కడ పోయినవి అనే దగ్గర పెన్ను ఆగింది. ఆయన కాగితంలోకి తొంగిచూశాడు.

“బస్సుల పోయినయని రాయిండ్రి. అందరు గట్లనే రాస్తరు. కేసు ఉండది, లొల్లి ఉండది, రెండు రోజులల్ల కాయితం చేతిలుంటది” అన్నాడు.

ఎంత దయగా చెప్పాడు! బస్సు అని రాస్తే అయిపోతుంది. మే పన్నెండుకు కాగితం ఉంటుంది. ఇల్లు ఇల్లులాగే ఉంటుంది, సాయంత్రం మూడున్నరకు నీళ్ళు తోడొచ్చు. మరి ఎప్పుడో ఒకరోజు ఆయన ఆ ఒరిజినల్స్ తీసి బల్ల మీద పెట్టి, పోలీసులకే అబద్ధం రాసిచ్చినవ్ గదనే అంటే? ‘బ’ అని రాశాను కూడా. కొట్టేశాను.

“ఏమైందమ్మా?” అన్నాడు రైటర్.

“బస్సుల పోలే సార్. మా ఇంట్ల పోయినయ్. తీసినాయన పేరు ప్రేమ్‌సాగర్, నా భర్త. రాసుకోండ్రి.”